మూడు బిరడాలు

ఆపండి అని ఒక్క కేక వేస్తే చాలు, అవతల అందరూ ఆగిపోతారు. కానీ వెయ్యాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి గంటే ఉంది, గంట కూడా ఉందో లేదో, పోటు గడియారం చూసుకుని రాదు. ఇప్పుడు బూట్ల అంచు నాకుతున్న నీళ్ళు నడుం దాకా వచ్చాయంటే ఆరో పలకని ముట్టుకుంటాయి, ఆ తర్వాత పలక లోపల ఏముందో, ఏం లేదో సముద్రానికి తప్ప ఇంకెవరికీ తెలీదు, అనుకున్నాడు గిడియన్ పిరీ, రేవు వాలు మీద కొయ్య చట్రంలో కూర్చున్న పడవ ఎడమ పొట్టకి అరచెయ్యి ఆనించి. జనమంతా కుడి పక్క, షెడ్డు ముందు ఉన్నారు. టీ కెటిల్ మూత చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది, బటరీ రొట్టెల వేడి వాసన కూడా వస్తోంది. పడవ చేయించుకున్న గ్లాస్గో పళ్ళ డాక్టరు, నీలం స్కార్ఫు కట్టుకున్న ఆయన భార్య, ఎర్ర బూట్ల ఆడపిల్లలిద్దరు. పడవ నీళ్ళలోకి దిగేటప్పుడు దాని ముక్కుకి సీసా ఎవరు పగలగొట్టాలని ఆ పిల్లలు పొద్దున్నుంచీ తగువు. రాత్రికి వాళ్ళు ఈ పడవలోనే పడుకుంటారు, ఇదే పలక అవతల, ఈ ఆరో పలకకి తల ఆనించుకుని. ఇటు పక్కన మాత్రం రేవు గోడ, నాచు, గిడియన్. ఇంకో మనిషి లేడు. అదీ ఒకందుకు మంచిదే.

వేళ్ళు వాటంతట అవే మళ్ళీ ఆ మూడింటి దగ్గరకి వెళ్ళాయి. కళ్ళు ఒప్పుకోకపోయినా వేళ్ళు ఒప్పుకుంటాయి. రంగు కింద మూడు వలయాలు, ఒక్కొక్కటి సోడా మూతంత, వరసగా మూడు. రాత్రి మంచుకి చెక్క ఉబ్బి పైకి తేలాయి గానీ లేకపోతే జన్మలో కనపడేవి కావు. పలకని పక్కటెముకకి బిగించే మేకు తల లోపలికి దిగిపోయాక, పైన గుంట పూడ్చడానికి చెక్క బిరడా కొడతారు. అలాంటివి ఈ పడవకి వేలల్లో ఉన్నాయి, ఎడమ పక్కవన్నీ తను కొట్టినవే, ఒక్కటీ ఇలా ఉబ్బలేదు. ఉబ్బదు. తన బిరడా ఎండిన లార్చ్ కలపది, పొయ్యి పక్కన ఆరు వారాలు పెట్టింది. ఇవి వేరే కలప. ఎవడో తొందరలో చెక్కినవి. ఎవడో ఏమిటి, ఇరవై రెండేళ్ళుగా ఈ షెడ్డులో ఎడమ పక్క గిడియన్‌ది, కుడి పక్క కోస్టీది, ఒకడి కంచంలో ఇంకొకడు చెయ్యి పెట్టింది లేదు, ఉలి అరువడిగినా గట్టు మీద పెట్టి వెళ్ళిపోవడమే. మరి కోస్టీ తన పక్కకి ఎందుకొచ్చాడు?

వచ్చాడని ఎలా తెలుసంటే, ఇనుము. కోస్టీ అసలు పేరు జేమ్స్ ఫ్లెట్, కానీ ఈ ఊళ్ళో సగం మంది ఫ్లెట్లే, అందులో సగం మంది జేమ్స్‌లే, కాబట్టి ఎవడికి వాడికో మారుపేరు. ఉత్తరం మీద కూడా మారుపేరే రాస్తేగానీ పోస్టువాడు ఇవ్వడు. చేపలవాళ్ళ పుటక. పడవ దగ్గర కొన్ని మాటలు అనరు. పంది అనరు, కుందేలు అనరు, సాల్మన్ అనరు, ఎర్రచేప అంటారు, పాదిరి అనరు, నల్లకోటాయన అంటారు. ఎవడైనా నోరు జారితే అందరూ చేతికందిన ఇనుము పట్టుకుని, చల్లటి ఇనుము, చల్లటి ఇనుము, అని గొణుక్కుంటారు. గిడియన్ పొలాల వైపువాడు, సముద్రానికి పదిహేను మైళ్ళ లోపల పుట్టినవాడు, అతని చిన్నతనంలో పందిని పందనే పిలిచేవాళ్ళు, అదీ పలికేది. బెత్యాని పెళ్ళి చేసుకుని ఈ ఊరొచ్చాక కూడా అవన్నీ అతనికి చాదస్తమే. సరే, ఎవడి చాదస్తం వాడిది. కానీ చలికాలమంతా చూశాడు: కోస్టీ ఎప్పుడు ఈ పడవ ఎడమ పక్కగా నడిచినా, సరిగ్గా ఇక్కడికి రాగానే, ఈ ఆరో పలక దగ్గరకి రాగానే, జేబులో సుత్తి తలనో చట్రం బోల్టునో తాకేవాడు. ఎవరూ ఏ మాటా అనకుండానే. ఉత్త పుణ్యానికి ఎవడూ ఇనుము పట్టుకోడు. తప్పు చేసినవాడు ఆ తప్పు దగ్గరకి రాగానే భుజాలు తడుముకుంటాడు, అంతే.

నీళ్ళు చీలమండ దాటాయి. ఏప్రిల్ నెల నీళ్ళు, బూటు లోపలి ఉన్ని మేజోళ్ళ మీదుగా కూడా కొరుకుతున్నాయి. నడుం జేబులోంచి సన్న ఉలి తీశాడు, మళ్ళీ లోపల పెట్టాడు. తవ్వితే తవ్వినట్టే. తవ్వాక అబద్ధమైతే? ఇరవై రెండేళ్ళ మనిషిని అనుమానించినవాడవుతాడు, ఆ సంగతి తనకి తెలుస్తుంది, ఇంకెవరికీ తెలియకపోయినా. నిజమైతే మాత్రం కేక వెయ్యాలి, పడవ ఆగుతుంది, కోస్టీ బతుకు ఆగుతుంది. ఈ తీరమంతటా షెడ్డుల్లో దెయ్యపు మేకు అని ఒక మాట ఉంది, పెద్దవాళ్ళు దాన్ని గొంతు తగ్గించి అంటారు: పైన బిరడా, కింద మేకు ఉండదు. చూడ్డానికి అంతా సవ్యం. శాంతంగా ఉన్న నీళ్ళలో పదేళ్ళు కూడా తిరుగుతుంది. ఒకరోజు గాలి తిరగబడితే పలక పక్కటెముకని వదిలేస్తుంది. దెయ్యపు మేకు కొట్టినవాడికి కుక్కగూడు చెయ్యడానికి చెక్క కూడా ఎవరూ ఇవ్వరు. బెత్యా తండ్రి ఆ మాట అన్నప్పుడల్లా ఉమ్మేవాడు.

నవంబరులో ఒక సాయంత్రం, బెత్యాని మట్టిచేసిన వారానికో పది రోజులకో, గిడియన్ ఇంట్లో ఉండలేక వీధిలో తిరుగుతుంటే షెడ్డు వెనక తలుపులోంచి కోస్టీ వచ్చాడు, పనిసంచి భుజాన వేసుకుని, అటూ ఇటూ చూసి తాళం వేశాడు. గోడ నీడలో ఉన్న గిడియన్ని చూడలేదు. మర్నాడు టీ దగ్గర గిడియన్ మామూలుగా అడిగాడు, నిన్న సాయంత్రం ఏం చేశావురా అని. ఇంట్లోనే, ఇసొబెల్ సూపు చేసింది, రెండు గిన్నెలు తాగి పడుకున్నా, అన్నాడు కోస్టీ, కళ్ళు బటరీ మీదనుంచి ఎత్తకుండా. ఇసొబెల్ కోస్టీ భార్య. ఆ సూపే అదే సాయంత్రం గిడియన్ గడపలో కూడా పెట్టి వెళ్ళింది, వెళ్తూ వెళ్తూ, మా ఆయన ఇంకా ఇంటికి రాలేదు, నీ దగ్గరున్నాడేమో అనుకున్నా, అంది కూడా. ఆ సూపు తాగలేదు గిడియన్. అప్పటినుంచీ ఎవరేం ఇచ్చినా దాని వెనక ఏదో ఉందనే. రొట్టెలవాడు ఒక బటరీ ఎక్కువ వేస్తే, ఎందుకు వేశాడు, జాలా? ఇసొబెల్ కర్టెన్లు ఉతికి పెడతానని వస్తే, లోపలికొచ్చి ఏం చూడాలని? అనుమానం పెనుభూతం అంటారు, అన్నవాళ్ళు పెళ్ళాం పోయిన ఇంట్లో ఒక్క చలికాలం ఉండి చూడాలి. కిటికీ గాలికి కొట్టుకుంటే కూడా ఎవరో వచ్చారనిపించేది. ఆఖరికి కిటికీ గట్టు మీద పడున్న మేకుల్లోంచి ఒకటి తీసి సందులో దోపాడు. మూడుండేవి అక్కడ, బెత్యా పూలకుండీ పక్కన. ఒకటి సందులో, రెండు గట్టు మీద.

నీళ్ళు పిక్కల దాకా వచ్చేసరికి ఉలి చేతిలో ఉంది. ఎప్పుడు తీశాడో తెలీదు. చేతులు అలాగే ఉంటాయి, మనసు సభ పెట్టి తీర్మానం చేసేలోపల పని కానిచ్చేస్తాయి. మొదటి బిరడా మధ్యలో ఉలి మొన పెట్టి కొయ్య సుత్తితో చిన్నగా తట్టాడు, అవతలికి వినపడకుండా. చెక్క నాలుగు ముక్కలై ఊడింది. అంచు ఎర్రగా ఉంది. సింధూరం. ఎర్ర సింధూరం రంగులో ముంచి బిరడా కొట్టేవాడు ఈ షెడ్డులో ఒక్కడే, కోస్టీ; గిడియన్‌ది తెల్ల సఫేదా, అందులో కాస్త గొర్రె కొవ్వు, మామగారి దగ్గర నేర్చిన పద్ధతి, ఊళ్ళో ఇంకెవరికీ ఆ అలవాటు లేదు, ఎలకలు నాకుతాయని కోస్టీ వెక్కిరింపు. ఇంకేం కావాలి? తన పలకలో, తన వరసలో, కోస్టీ ఎరుపు! కోపమా అంటే కోపమే గానీ అందులో ఒక పాడు సంతోషం కూడా ఉంది, చూశావా నేను అనుకున్నదే అయింది అని. సిగ్గుపడాల్సిన సంతోషం. ఆపండి అన్న మాట గొంతులోకి వచ్చేసింది. రెండు వేళ్ళు గుంటలో పెట్టాడు.

మేకు ఉంది.

తల గుండ్రంగా, చల్లగా, జస్తా పూతతో, ఉండాల్సిన చోట ఉండాల్సినంత లోతులో. ఉలి వెనకతో తట్టాడు, ఖణ్‌మని పలికింది, అవతల ఓక్ పక్కటెముకలోకి దిగిన మేకు పలుకే అది. గిడియన్ నోరు మూసుకున్నాడు. అయితే ఏం? దొంగ మొదటి మూట మాత్రం సరిగ్గానే కడతాడు, చూసేవాడు అదొక్కటీ విప్పి చూస్తాడని. రెండోది తవ్వాడు. ఎరుపే. మేకు ఉంది. మోకాళ్ళ దగ్గర నీళ్ళు. అవతల ఎవరో నవ్వారు, పిల్లల్లో చిన్నది. ఈ పడవని చూసి మొదట్లో అందరూ నవ్వారు, అటు గుర్రమూ కాదు ఇటు గాడిదా కాదు, కంచరగాడిద అన్నారు. రెండు స్తంభాల తెరచాపలూ ఉంటాయట, కడుపులో పెద్ద డీజిల్ ఇంజనూ ఉంటుందట, హెర్రింగ్ చేపల పడవలు కట్టిన చేతులతో పళ్ళ డాక్టరుకి బొమ్మ చెయ్యాలట. అయినా చేశారు, హెర్రింగ్ పడవలాగే చేశారు, ఎందుకంటే ఇంకోలా చెయ్యడం ఎవరికీ రాదు. అడుగు దూలం ఒక్కటే ఓక్ మాను. పక్కటెముకలకి వంపు కొమ్మలు వెతకడానికి కోస్టీ, తనూ అడవిలో మూడు రోజులు తిరిగారు. చెట్టు ఇష్టపడి వంగిన చోటే కొయ్యాలి, మనం వంచితే అది గుర్తుపెట్టుకుంటుంది అనేవాడు కోస్టీ. ఆవిరి పెట్టెలోంచి లార్చ్ పలక తీసి, అది కాలుతుండగానే పరిగెత్తుకొచ్చి, ఇద్దరూ చెరో చివరా పట్టి పడవ పొట్టకి అదిమేవాళ్ళు. ఆ నిమిషం ఒకడు చెయ్యి వదిలితే ఇంకొకడి పళ్ళు రాలతాయి. కోస్టీ ఎప్పుడూ వదల్లేదు. ఈ ఆరో పలకని కూడా ఇద్దరే పట్టారు, నవంబరులో, మంగళవారం, తలుపు దగ్గర వెలుగు... వద్దు, అది వద్దు. ఆ రోజు వరస పూర్తి చేశాడు, మళ్ళీ వచ్చాక బిరడాలు కొట్టాడు. అంతే.

మూడోది. నీళ్ళు తొడల దాకా వచ్చాయి, బూట్లలోకి దిగడం మొదలైంది. ఇదే అయ్యుండాలి. రెండు చూపించి మూడోది మింగుంటాడు. ఉలి జారింది, పలక అంచుకి చిన్న గాటు పడింది, తన పలకకి తనే పెట్టుకున్న గాటు. బిరడా ఊడింది. ఎరుపు. కింద మేకు. మూడో మేకు కూడా.

అప్పుడు సంతోషించాలి కదా మనిషన్నవాడు. గిడియన్‌కి సంతోషం రాలేదు, అసలు అనుమానం ఇప్పుడే పట్టుకుంది. మేకులు సరిగ్గా ఉంటే మరి నా వరసలో నా బిరడాలు ఊడదీసి నీ బిరడాలు ఎందుకు కొట్టావురా? ఎర్ర బిరడాకి ముందు ఇక్కడ తెల్ల బిరడా ఉండాలి, నేను కొట్టాను, నాకు తెలుసు. గుంట దగ్గరకి మొహం పెట్టాడు. మూడో మేకు తల ఒక పక్కకి వెంట్రుకవాసి ఎత్తుగా కూర్చుంది, కింద ఏదో నలిగినట్టు. ఉలి మొనతో గీరాడు. నెలవంకలాంటి చెక్క పీలిక ఒకటి ఊడి వేలి మీద పడింది. తెల్లగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, గొర్రె కొవ్వు. తన సఫేదా. తన బిరడా ముక్క.

మేకు కింద.

మేకు పైన ఉండాల్సింది మేకు కింద ఉంది. దాన్ని ఎటు తిప్పి చూసినా అర్థం ఒక్కటే. గిడియన్ బిరడా కొట్టేటప్పటికి ఇక్కడ మేకు లేదు. ఖాళీ గుంటకి బిరడా కొట్టాడు. పైకి అంతా సవ్యం. ఆ తర్వాత ఎవరో ఆ బిరడా తొలిచి, మేకు దించి, మళ్ళీ పూడ్చారు. మూడు దెయ్యపు మేకులు. కొట్టింది కోస్టీ కాదు.

వద్దనుకున్న మంగళవారం ఇప్పుడు అడక్కుండా వచ్చేసింది. పరంజా మీద నిలబడి వరస చివరికి వస్తున్నాడు, ఇంకా మూడు కొడితే అయిపోతుంది, ఆ మూడూ ముందు జేబులో వేసుకున్నాడు, సుత్తి పక్కన పెట్టి టోపీతో చెమట తుడుచుకున్నాడు. షెడ్డు తలుపు దగ్గర వెలుగు, అందులో నల్లగా ఒక మనిషి, టోపీ తీసి చేత్తో పట్టుకుని. అబర్దీన్ ఆసుపత్రిలో బెత్యాకి పొద్దున ఆపరేషన్. ఫోను ఉన్నది ఆయనింట్లోనే. అది తట్టలేదు ఆ క్షణంలో. "పాదిరిగారికి ఇక్కడేం పని?" అన్నాడు గట్టిగా, నవ్వుతూ కూడా అన్నాడు. షెడ్డంతా సుత్తులు ఆగిపోయాయి. అందరి చేతులూ ఇనుము మీదకి వెళ్ళాయి, రంపాలు, బాడిసలు, బోల్టులు. గిడియన్ చేతిలో టోపీ. జేబులో మూడు మేకులున్నాయి, చెయ్యి అక్కడికి వెళ్ళలేదు. తర్వాత ఆయన వెంట నడిచి వెళ్ళిపోయాడు, నాలుగు రోజులకి తిరిగొచ్చాడు, గుంటలన్నీ వరసగా నోళ్ళు తెరుచుకుని ఉంటే ఒక్కొక్కటే మూస్తూ పోయాడు, లోపలికి చూడలేదు, చూడబుద్ధి కాలేదు దేనిలోపలికీ. ఇంటికెళ్ళాక జేబులో ఏదో బరువుగా తగిలితే తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. చలికాలమంతా రోజూ పొద్దున్నే టీ తాగుతూ వాటి వంకే చూశాడు. మూడెందుకున్నాయని ఒక్కరోజూ అడగలేదు. ఊళ్ళో అందర్నీ అనుమానించాడు, ఆ మూడు మేకుల్ని తప్ప. రొట్టెలవాణ్ణి కూడా వదల్లేదు.

"ఏంట్రా, పడవకి పళ్ళు పీకుతున్నావా? దానికి అవతల డాక్టరున్నాడుగా."

కోస్టీ. చట్రం చీలలు చూడ్డానికి తొడల్లోతు నీళ్ళలో వస్తున్నాడు, చేతిలో సుత్తి, మెడలో తాడుకి వేలాడుతున్న చిన్న రంగు డబ్బా. మూడు గుంటలూ చూశాడు, గిడియన్ వేలి మీద తెల్ల పీలికనీ చూశాడు. నవ్వు ఆపేశాడు.

"మూడు," అన్నాడు గిడియన్.

"మూడే. వరసంతా తట్టి చూశాలే. మిగతావన్నీ గంటల్లా మోగాయి, ఇవి మూడూ డబ్బాల్లా మోగాయి."

"చెప్పొచ్చుగా."

"ఏమని చెప్పేది? పెళ్ళాన్ని పూడ్చొచ్చినవాడికి, నువ్వు దెయ్యపు మేకులు కొట్టావని చెప్పమంటావా? ముసలి యజమాని చెవిన పడితే ఆ పూటే నీ పనిసంచి రోడ్డు మీద ఉండేది." కోస్టీ వంగి గాటు మీద బొటనవేలు రాశాడు. "ఇదేంటి, ఇది నేను కొట్టింది కాదే."

"నాది."

"చేతులు పడిపోయాయా ముసలోడా?"

నీళ్ళు నడుం ఎక్కుతున్నాయి. పలక కింది అంచుకి జానెడు కిందికి వచ్చాయి. కోస్టీ జేబులు తడుముకుని మూడు బిరడాలు తీశాడు. రంగు డబ్బా మూత పళ్ళతో ఊడదీశాడు. అడగాలా వద్దా అని గిడియన్ ఆలోచించలేదు, ఎందుకంటే ఆలోచిస్తే అడగలేడు.

"నువ్వే తప్పు చేశావనుకున్నా. ఇక్కడికొచ్చినప్పుడల్లా ఇనుము పట్టుకుంటుంటే."

కోస్టీ మూత నోట్లోంచి తీసి జేబులో వేసుకున్నాడు.

"ఆ మాట అన్నది నువ్వు ఇక్కడే కదా," అన్నాడు. "మేమంతా పట్టుకున్నాం. నీ చేతిలో టోపీ. నీ బదులు ఎవడో ఒకడు పట్టుకోవాలి. నీకు నమ్మకం లేదని తెలుసు. నాకుంది కాబట్టి నేను పట్టుకుంటున్నా. నీ ఇంటి మీదకి ఇంకేదీ రాకూడదని. అంతే, దానికింత తవ్వకం ఎందుకు?"

గిడియన్‌కి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఆపుకోవడానికి చేతులు ఖాళీగా లేవు. అవమానం ఒక పక్క, కృతజ్ఞత ఒక పక్క, రెండూ కలిసి ముక్కులోంచి కారాయి. మొదటి బిరడా ఎర్ర సింధూరంలో ముంచి కొట్టాడు, రెండోది కొట్టాడు. కోస్టీ పక్కన నిలబడి డబ్బా పట్టుకున్నాడు, కంచరగాడిదకి లాడం కొట్టేటప్పుడు కూడా ఇంతసేపు పట్టదు అన్నాడు, తొందరగా కానీరా అన్నాడు.

"ఆ మూడు మేకులూ నా దగ్గరే ఉన్నాయి," అన్నాడు గిడియన్. "కిటికీలో."

"తెలుసు. కర్టెన్లప్పుడు ఇసొబెల్ చూసింది. ఉండనీ, కిటికీ కొట్టుకోదు."

పోటు ఆరో పలక అంచు తాకింది. అవతల ఎవరో పడవ పేరు పిలిచారు, లింటీ, లింటీ అని పిల్లలిద్దరూ అరిచారు, సీసా భళ్ళున పగిలింది. మూడో గుంట ఇంకా తెరిచే ఉంది. గిడియన్ బిరడా ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చేతి చూపుడువేలు గుంటలో పెట్టి, కోస్టీ దించిన మేకు తల మీద ఆనించి ఉంచాడు. చల్లగా ఉంది.

"చల్లటి ఇనుము," అన్నాడు, పొలాల వైపు యాసలో, కాస్త తప్పుగా.

కోస్టీ తన చేతిలో సుత్తిని చూసుకుని, దాన్ని నడుం జేబులో పెట్టేశాడు. గిడియన్ వేలు తీసి బిరడా కొట్టాడు, నీళ్ళు దాని మీదుగా ఎక్కాయి.